తెరచాప మడతలో పేలిక

అప్పటికే పాత తెరచాపకి మూడు వైపులా కుట్లు విప్పేశాను. అడుగు మూల ఒక్కటే మిగిలింది. అక్కడ గుడ్డ నాలుగు మడతలు, కత్తెర దిగదు. సూదిమొనతో ఒక్కో కుట్టూ లేపుతుంటే దారానికి పట్టించిన మైనం పొడిపొడిగా ఒళ్ళో రాలింది. ఆ మైనం వాసనా, బెరడు కషాయంలో ముంచిన గుడ్డకుండే వగరు వాసనా పదేళ్ళు అటక మీద ఎలకల మధ్య పడున్నా పోలేదు. ముక్కుకి తగలగానే నా చెయ్యి ఆగిపోయింది. ఆ మూల కుట్లు ఎవరివో నాకు తెలుసు. బొటనవేలంత మేర ఐదు కుట్లు, ఎక్కడ కొలిచినా ఐదే. అవి మస్తాను తాత కుట్లు. వాటిని ఇప్పటిదాకా ఎవరూ విప్పలేదు. విప్పలేదంటే అర్థమేమిటో తెలిసి ఒళ్ళు మండిపోయింది. ఎందుకు మండిందో మీకు తెలియాలంటే ముందు తాత ఎవరో చెప్పాలి.

మాది విశాఖపట్నం రేవు పక్కన సముద్రపొడ్డు పేట. మగాళ్ళు వేటకి వెళ్తారు, ఆడవాళ్ళు తట్టలెత్తుకుని కంచరపాలెం దాకా చేపలు అమ్మి వస్తారు. ఇప్పుడంటే అన్నీ మోటారు పడవలు గానీ నా చిన్నప్పుడు తెప్పలకి తెరచాపలే. మా ఒడ్డున ఉన్న తెరచాపలన్నీ ఒక్క మస్తాను తాత చేతిలోంచి వచ్చినవే. ఐసు ఫ్యాక్టరీ గోడ పక్కన తాటాకు పాక వేసుకుని, కుడి అరచేతికి తోలుపట్టీ కట్టుకుని, లావుపాటి సూదిని ఆ పట్టీతో నెడుతూ పొద్దస్తమానం కుట్టేవాడు. భార్య పోయింది. ఒక్క కూతురు, అచ్యుతాపురం వైపు ఇచ్చాడు. ఏడో తరగతి తప్పి నేను ఇంట్లో కూర్చుంటే మా అమ్మ నన్ను లాక్కెళ్ళి ఆ పాకలో కూర్చోబెట్టింది. నాన్న అప్పటికే జ్వరమొచ్చి పోయాడు. ఇంట్లో మామ్మ, అమ్మ, అన్నయ్య ఎల్లాజీ, నేను.

నాకు మాటలెక్కువ. బడిలో పంతులు గోడకుర్చీ వేయించింది అందుకే, అమ్మ మొట్టికాయలు వేసేదీ అందుకే. మొదటిరోజు తాత దగ్గర నోరు కట్టుకుని కూర్చున్నాను. దారానికి మైనం రాయడం, అంతే నా పని. మధ్యాహ్నానికి ఊపిరాడలేదు. అది చూసి తాత నవ్వి, ఏమైందని అడిగాడు. మాట్లాడితే తిడతావేమోనని అన్నాను.

"మాటాడుకో గుంటా. నోరు ఆడితే ఆడనీ, సెయ్యి మాత్రం ఆపకు" అన్నాడు.

అంతవరకూ నా మాటలు వింటానన్న మనిషి నాకు తగల్లేదు. ఇక ఆ రోజు నుంచి ఎవరింట్లో ఏ కూర, ఏ కోడలు ఎవర్ని ఏమంది, కుళాయి దగ్గర ఎవరి బిందె ఎవరు తోశారు, అన్నీ చెప్పేదాన్ని. ఆయన దారం కొరుకుతూ ఊఁ కొట్టేవాడు. కుట్టు వంకర పోతే మాత్రం మధ్యలో ఆపి, మొత్తం విప్పించి మళ్ళీ కుట్టించేవాడు. గాలికి మొహమాటం ఉండదనీ, వంకర కుట్టు దగ్గరే వచ్చి చింపుతుందనీ చెప్పేవాడు. మూడేళ్ళలో నా చెయ్యి కుదిరింది. ఇవాళ నేను పందిళ్ళూ, లారీ పట్టాలూ కుట్టి పిల్లాణ్ణి చదివించుకుంటున్నానంటే ఆ విప్పించి కుట్టించిన కుట్ల చలవే.

కొత్త తెరచాప పూర్తయిన రోజు మా ఆడవాళ్ళకి ఒక ఆనవాయితీ ఉండేది. ఆ తెప్ప తాలూకు ఇల్లాలు తలంటుకుని, గంగమ్మ దగ్గర పెట్టిన పసుపుతాడు ముక్క కొంగులో కట్టుకుని తాత పాకకి వచ్చేది. తాత దగ్గర ఒక బిస్కెట్ల రేకు డబ్బా. అందులో కొండ మీద దర్గాలో కప్పి తీసిన పాత చాదర్ల ఆకుపచ్చ పేలికలు. పేలికకి పసుపుతాడు చుట్టి, రెండూ కలిపి అడుగు మూల మడతలో పెట్టి కుట్టేసేవాడు. తాడు లేకుండా పేలిక పెట్టేవాడు కాదు. పేలిక లేకపోతే మా ఆడవాళ్ళు ఊరుకునేవారు కాదు. మా మామ్మయితే ఒకసారి డబ్బా ఖాళీ అయిందంటే తాతని ఎండలో కొండెక్కించి మరీ తెప్పించింది. దీనికి ఒక్కటే నియమం. వేటకెళ్ళే మగాడికి చెప్పకూడదు. తెలిస్తే దాని కాపుదల పోతుందని నమ్మకం. మా అమ్మమ్మల కాలం నుంచీ ఒక్క ఆడది కూడా మొగుడితో అనలేదు. మగాళ్ళు కూడా తెరచాప ఎగరేయడమే గానీ దాని మూల ఎప్పుడు చూశారు గనక.

నాకు పదహారేళ్ళప్పుడు రెండేళ్ళు వరసగా వేట లేదు. పెద్ద మరబోట్లు లోతులో అంతా తోడేసుకుపోయేవి. మా తెప్పలకి కవ్వళ్ళలాంటి చిన్న చేపలు కూడా పడేవి కాదు. మా వాళ్ళ తెప్ప ఒకటి ముగ్గురితో వెళ్ళి తిరిగి రాలేదు. కుర్రాళ్ళు వేట మానేసి, ఉక్కు ఫ్యాక్టరీ కడుతుంటే కూర్మన్నపాలెం వైపు మట్టిపనికి పోయేవారు. ఎల్లాజీ కూడా పోయాడు. అక్కడ ఎవరో ఒకాయన ఆదివారాలు కుర్రాళ్ళని కూర్చోబెట్టి ఉపన్యాసాలు ఇచ్చేవాడట. తర్వాత మా ఒడ్డుకే రావడం మొదలెట్టాడు. ఇస్త్రీ పంచె, మెత్తని గొంతు, ఎవర్నీ నువ్వనేవాడు కాదు. మీ గంగమ్మ మైలపడింది, అందుకే చేప పోయింది, మైల చేసింది ఎవరో కనుక్కోండి అన్నాడు. అంతే. పేరు చెప్పలేదు. మరబోట్ల వాళ్ళ ఊసు ఎత్తలేదు. వాళ్ళ మీదకి వెళ్ళాలంటే గేట్లుంటాయి, కాపలాలుంటాయి. తాత పాకకి తలుపు కూడా లేదు.

మా అన్నయ్య చెడ్డవాడు కాదు అని రాయాలనుంది. రాస్తే అబద్ధమవుతుందేమో తెలీదు. నాన్న పోయాక నాకు అన్నం కలిపి పెట్టింది వాడే. ఒక గురువారం సాయంత్రం వాడు అన్నం తింటూ, ఇక నుంచి మన తెరచాపలు తురకోడి చేతికి ఇవ్వకూడదని కుర్రాళ్ళ సంఘం తీర్మానించిందనీ, నన్ను కూడా రేపటినుంచి వెళ్ళొద్దనీ అన్నాడు. నాకు కోపం ముక్కు మీదే ఉంటుంది. తాతని అన్నాడన్న ఉడుకులో, వాడి నోరు మూయించేది ఇదొక్కటే అనుకుని అనేశాను.

"నువ్వు పుట్టినకాణ్ణించీ ఆ తాత పేలిక కిందే తింటన్నావు. మన సాప మూల ఇప్పి సూడు, దర్గా గుడ్డ ఉంటాది. పేటలో అన్ని సాపలకీ ఉంటాది. అదే మిమ్మల్ని ఒడ్డుకి తెత్తంది."

మామ్మ చేతిలో గిన్నె జారిపోయింది. అమ్మ నా మూతి మీద కొట్టింది. ఎల్లాజీ కంచంలో చెయ్యి కడుక్కుని వెళ్ళిపోయాడు. నేనేమో గెలిచాననుకున్నాను. ఆ రాత్రి హాయిగా నిద్రపోయాను కూడా.

మర్నాడు శుక్రవారం. మధ్యాహ్నం తాత నమాజుకెళ్ళి తిరిగి వస్తున్నాడు. ఒడ్డున ఆడవాళ్ళం చేపలు ఎండేస్తున్నాం. పదిహేనుమంది కుర్రాళ్ళు తెడ్లు పట్టుకుని అడ్డం నిలబడ్డారు. ముందు ఎల్లాజీ. వాడి పిడికిట్లో ఆకుపచ్చ పేలిక. ముందు మా ఇంటి సాపే ఇప్పాను, ఇదిగో దొరికింది, ఈడు మన సాపలన్నిటికీ చేతబడి కట్టాడు అని అరిచాడు. సొంత ఇంటి నుంచే మొదలెట్టాడు కదా అని మిగతావాళ్ళకి ధైర్యం వచ్చింది. ఇసకలో ఉన్న తెరచాపల మూలలు కత్తులతో కోసేశారు. పేలికలు రాలాయి. వాటితో పాటు గంగమ్మ పసుపుతాళ్ళూ రాలాయి. గంగమ్మ కోసమని వచ్చినవాళ్ళు ఆ తాళ్ళని కాళ్ళకింద వేసి తొక్కారు. ఒక్కడు కూడా కిందకి చూడలేదు.

తాత కుర్రాళ్ళని చూడలేదు. మమ్మల్ని చూశాడు. ఒక్కొక్కరినీ చూశాడు. ముప్పై, నలభైమంది ఉంటాం. ప్రతి ఒక్కరూ కొంగున పసుపుతాడు కట్టుకుని ఆ పాకకి వెళ్ళినవాళ్ళే, కాకపోతే వాళ్ళ కూతుళ్ళే.

"మీ ఆడోళ్ళని అడగండి బాబూ" అన్నాడు.

ఎల్లాజీ మామ్మ వైపు తిరిగాడు. "నీకు తెలుసేటే మామ్మా?"

మామ్మ అందరికంటే పెద్దది. ఆమె అవునంటే మిగతావాళ్ళూ అనేవారు. మేమే అడిగి పెట్టించుకున్నామని ఒక్క మాట చాలు. మామ్మ చేపల వైపు చూస్తూ, "నాకు తెల్దురా" అంది.

ఆ మాట పడ్డాకే తెడ్డు లేచింది. మైల చేసిన చెయ్యి ఇదేనని తాత కుడిచెయ్యి తెప్పదుంగ మీద పెట్టి కొట్టారు. మొదటి దెబ్బ ఎవరిదో నేను చూశాను. మా ఇంట్లో నాకు అన్నం కలిపిన చెయ్యి. అమ్మ నా నోటికి అరచెయ్యి అడ్డంపెట్టి పట్టుకుంది అని చాలా ఏళ్ళు నాకు నేను చెప్పుకున్నాను. పెట్టింది నిజమే. కానీ అది పెద్ద బలమైన చెయ్యి కాదు. తోసేస్తే పోయేది.

పోలీసులు వచ్చి ఇల్లిల్లూ అడిగారు. ఎవరూ చూడలేదు. నేను ఇంట్లో ఉన్నానని చెప్పాను. అడిగిన ప్రశ్నకి నేను ఇంత చిన్న జవాబు ఇచ్చానంటే నన్నెరిగినవాళ్ళు నమ్మరు. రెండ్రోజులు స్టేషన్లో కూర్చోబెట్టి కుర్రాళ్ళని వదిలేశారు. ఇస్త్రీ పంచె ఆయన మళ్ళీ రాలేదు, వేరే ఒడ్డున ఉపన్యాసాలున్నాయట.

నాలుగోరోజు పెద్దాసుపత్రికి వెళ్ళాను. ఇసకలో దొరికిన ఆయన తోలుపట్టీ కొంగులో దాచుకుని వెళ్ళాను. తాత కూతురు నన్ను గుర్తుపట్టక స్టూలు వేసింది. చేతికి భుజం దాకా కట్టు. నేను ఏడుస్తూ, నేనే చెప్పేశాను తాతా, నీ మంచి చెప్పాలనే చెప్పాను అన్నాను. పోనీలే అంటాడనుకున్నాను. పెద్దవాళ్ళు అంటారు కదా.

"ఇంట్లో సెప్పినదానికి నిన్నేటీ అనను. సిన్నపిల్లవి" అన్నాడు. "ఒడ్డున ఎందుకు సెప్పలేదు? రోజంతా మాటాడతావు కదే. నీకు మాటలొచ్చనుకున్నాను నాను."

తోలుపట్టీ ఇవ్వలేకపోయాను. ఆ చేతికి ఇక అది ఎందుకు. కూతురు ఆయన్ని అచ్యుతాపురం తీసుకెళ్ళిపోయింది. అన్నం కూడా ఎడమచేత్తో తినేవాడని, ఆ తిండి సహించేది కాదని, రెండేళ్ళకి పోయాడని చేపల బండివాడు చెప్తే తెలిసింది. చేపలు మాత్రం మా ఒడ్డుకి తిరిగి రాలేదు. కుట్టేవాడు లేక కొన్నాళ్ళు తెరచాపలు నేనే అతికాను, మా ఇంటిది తప్ప; అది తనే అతుక్కున్నానన్నాడు ఎల్లాజీ. ఎవరూ పేలిక అడగలేదు, ఎవరూ పసుపుతాడూ తేలేదు. మామ్మ మంచం పట్టాక మస్తాను వచ్చాడా అని అడిగేది.

ఇప్పుడు ఎల్లాజీకి మోటారు పడవ ఉంది. గంగమ్మ పండగ కమిటీకి పెద్ద. పందిరికి గుడ్డ చాలలేదని, అటక మీద నాన్న తెరచాప ఉంది కదా, విప్పి కుట్టమని ఆ ముందురోజు పడేసి వెళ్ళాడు. అదే నా ఒళ్ళో ఉన్న గుడ్డ. చివరి కుట్టు తెంపాను. లోపల ఆకుపచ్చ పేలిక, దాని చుట్టూ అమ్మ పసుపుతాడు. రంగు కూడా పోలేదు.

అంటే ఆ రోజు వాడు మా తెరచాప విప్పలేదు. పిడికిట్లో చూపించింది తాత నమాజుకెళ్ళినప్పుడు డబ్బాలోంచి తీసిందే అయ్యుండాలి. ఊరందరి సాపలూ కోయించి, తాత చెయ్యి విరిచి, ఇది మాత్రం ముట్టుకోకుండా దాచుకుని, మోటారు వచ్చేదాకా నాలుగేళ్ళు దీని కిందే మళ్ళీ వేటకి వెళ్ళాడు.

సాయంత్రం పని అయిందా అని వచ్చాడు. అరచేతిలో పేలిక పెట్టి చూపించాను. గుమ్మంలోనే నిలబడిపోయాడు. ఎందుకు విప్పలేదని అడిగాను.

"సముద్రమ్మీదకి ఎల్లేది నాను" అన్నాడు. "ఒడ్డునుండీదానివి, నీకేటి తెలుస్తాది."

సిగ్గుపడతాడేమో అనుకున్నాను. పేలిక మళ్ళీ లోపల పెట్టి కుట్టెయ్యి, ఎవరితో అనకు అని చెప్పి వెళ్ళిపోయాడు.

మర్నాడు తెల్లారాక తాత తోలుపట్టీ చేతికి కట్టుకున్నాను. పేలికనీ పసుపుతాడునీ తెరచాప పైవైపు, అందరికీ కనబడేలా నట్టనడుమ పెట్టి, బొటనవేలంత మేర ఐదు చొప్పున కుట్టాను. గుడ్డ నెత్తిన పెట్టుకుని వీధిలోకి వచ్చాను. మొదటి గుమ్మంలో నిలబడినామె అదేమిటే నూకాలూ అని అడిగింది. ఆగి చెప్పాను. పేలిక ఎవరిదో, తాడు ఎవరిదో, ఎవరు అడిగి పెట్టించుకున్నారో, ఆ రోజు మొదటి తెడ్డు ఎవరిదో, ఇంట్లో ఉన్నానని అబద్ధమాడింది ఎవరో. రెండో గుమ్మం దగ్గర ఎవరూ అడగలేదు. అక్కడా ఆగి చెప్పాను. కొన్ని తలుపులు మూసుకున్నాయి. వాటి ముందు కొంచెం గట్టిగా చెప్పాను. పందిరి దగ్గరికి వెళ్ళేసరికి నా గొంతు పూర్తిగా పోయింది. ఎల్లాజీ గుంజకి తాడు బిగిస్తున్నాడు. వాడికి నేను చెప్పాల్సిన పని లేకపోయింది, నాకంటే ముందే ఎవరో వచ్చి చెప్పేశారు. గుడ్డ దించి, పేలిక పైకి ఉండేలా వాడి ముందు ఇసకలో పరిచాను.