డాక్టరమ్మ చెప్పిన వరుస

ఆంధ్రప్రదేశ్ ఏర్పడిన ఏడాది మా పెద్దమ్మాయికి ఆరేళ్లు. ఆ ఏడంతా ఆళ్లగడ్డలో మా ఇంటిల్లిపాదీ నిద్రకు మొహంవాచి ఉన్నాం. ఇంట్లో అత్త, మామ, మా ఆయన, నేను, ఈ పిల్ల. పగలు ఒక్కచోట నిలిచేది కాదు. బళ్లో పంతులు ఇటు తిరిగేసరికి కిటికీ ఎక్కి ఉండేది. చెప్పిన మాట సగం వినేది, మిగతా సగానికి ఇంకెక్కడో ఉండేది. అదైనా ఓర్చుకోవచ్చు. దీపం తగ్గించాక పిల్లకు మళ్లీ తెల్లవారేది. ఒకసారి మాకు కన్ను మూతపడగానే దొడ్లోకి వెళ్లి దూడ పలుపు విప్పింది. పొద్దున బర్రె పొదుగులో చుక్క పాలు లేవు.

"ఎందుకు విప్పినావ్ మ్మే?" అని అత్త అడిగింది.

"ఆకలైతాంది అనింది."

"దూడ యాడన్నా మాట్లాడతాదా?"

"నాతో మాట్లాడతాది."

గాలి సోకిందని అత్త తాయెత్తు కట్టించింది. సాయంత్రానికి అది దూడ మెడలో ఉంది. మహానంది కోనేట్లో ముంచితే నెమ్మదిస్తుందని తీసుకెళ్లాం. చల్లటి నీళ్లు తగిలేసరికి పిల్లకు ఇంకా హుషారు పుట్టింది. బయటికి తేవడానికి మామ కట్టుపంచెతోనే నీళ్లలోకి దిగాడు. తిరుగుదారంతా మేం బండిలో తూగుతుంటే పిల్ల ఎద్దులతో కబుర్లు చెప్పింది.

చివరికి అత్తా నేనూ కలిసి పిల్లను నంద్యాలలో ఒక డాక్టరమ్మకు చూపించాం. మేం మాట్లాడుతున్నంతసేపూ పిల్ల ఆమె గొట్టాన్ని చెవులకు తగిలించుకుని బల్ల గుండె వింటోంది. డాక్టరమ్మ కోప్పడలేదు. పొద్దు వాలాక పాప ఏం చేస్తుందని మాత్రం అడిగింది.

"ఏం చేస్తాదమ్మా, బడి నుంచి వచ్చి బాగా పండుకుంటాది" అంది అత్త. "సందేళ వాళ్ల జేజినాయన, అదే మా ఆయన, తన గ్లాసులోంచి కాఫీ పోస్తాడు. అన్నం తిన్నాక వాళ్ల నాయన భుజాలమీద ఎక్కించుకొని గుర్రం ఆట ఆడిస్తాడు. పండుకునేటప్పుడు జేజినాయన రాచ్చసుల కతలు చెప్తాడు, గొంతులన్నీ మార్చి."

డాక్టరమ్మ పిల్ల చెవుల్లోంచి గొట్టం తీసుకుంది. "అయితే మందు పిల్లకు కాదు తల్లీ, మీ ఇంటికి" అంది.

కాఫీ వద్దు, పగటినిద్ర వద్దు. ఎండ తగ్గాక అలిసేదాకా ఆడనివ్వాలి. చీకటి పడ్డాక స్నానం, అన్నం, మెల్లగా ఒక కథ, దీపం తగ్గించడం. రోజూ అదే వరుస. కొట్టకూడదు. తర్వాత ఏం జరుగుతుందో ముందే తెలిస్తే ఇలాంటి పిల్లలు నెమ్మదిస్తారని చెప్పింది.

అందరికంటే కష్టం మామకే వచ్చింది.

"మెల్లగ చెప్తే రాచ్చసునికి ఎవరు భయపడతారు?" అన్నాడు.

"అయితే సేద్యం కత చెప్పు మామా" అన్నాను.

ఆయన ఎడ్లు కట్టి ఒక సాలు దున్నాడు, ఇంకో సాలు దున్నాడు. చేను సగం కాకముందే గురక. పిల్ల లేచి నా దగ్గరికి వచ్చింది.

"జేజినాయన పండుకున్యాడు. ఇప్పుడు నేనేం చేయల్ల?"

"మిగిలిన చేను నువ్వు దున్ను."

వెళ్లి పడుకుని గొణుగుతూ దున్నింది. మొదట్లో ఎంత దున్నినా నిద్ర రాలేదు. మేం వరుస తప్పలేదు. మెల్లమెల్లగా చేను చిన్నదైంది.

ఆ వరుస ఒంటబట్టాక పిల్ల ఇంటికే పెత్తనందారైంది. మామ కాఫీని కుడితితొట్టిలో పోసింది. దొర్నిపాడు నుంచి అత్త తమ్ముడొచ్చి, అన్నం తిన్నాక తీరిగ్గా కబుర్లకు కూర్చుంటే ఆయన ముందు నిలబడింది.

"తాతా, నీళ్లు పోసుకున్యావా? అన్నం తిన్యావా? ఇంక పండుకో."

దీపం ఊదేసింది.

"ఏందక్కా ఇది, ఇంకా కుక్కలు కూడా పండుకోలేదే" అన్నాడు ఆయన చీకట్లో.

"నోర్మూసుకొని పండుకో" అంది అత్త. "అది లేచిందంటే మళ్లీ నీళ్లు పోసుకునే కాడ్నుంచి రావల్ల."

పొద్దున ఆయన, ఇంత నిద్ర పోయి ఎన్నాళ్లయిందోనని ఇంకో రెండు రోజులు ఉండిపోయాడు.

బళ్లో పంతులుకు మాత్రం ఏ సుఖమూ దక్కలేదు, పిల్ల ఇంకా కిటికీ ఎక్కుతూనే ఉంది. ఇంట్లో ఒకరోజు మేమంతా లేచినా పిల్ల లేవలేదు. నాకు భయమేసి ముక్కు దగ్గర వేలు పెట్టి చూశాను. అత్త వచ్చి తనూ చూసింది. హాయిగా నిద్రపోతోంది.

"లేపుదామా?" అన్నాడు మామ.

అత్త చూసిన చూపుకు ఆయన వాకిట్లోకి వెళ్లి, పైపంచె నోటికి అడ్డం పెట్టుకుని దగ్గాడు.