గుర్రం పోయిన ఆదివారం

పలమనేరులో పాల డెయిరీ ల్యాబులో ఉద్యోగం వచ్చి, తిరుపతి వదిలి, ఒక ఇంటి మేడ మీద గది అద్దెకు తీసుకున్నాను. డ్యూటీ మధ్యాహ్నానికే అయిపోయేది. ఆ తర్వాత పొద్దుగూకే దాకా నాతో మాట్లాడే మనిషి ఉండేది కాదు. ఒకసారి ఇంటికి వెళ్తే తమ్ముడు తన పాత గేమ్ మిషన్‌ని అట్టపెట్టెలో పెట్టి ఇచ్చాడు. "నాకింక ఆడేదానికి టైం లేదక్కా. ఆడ ఒక్కదానివే ఉంటావు గదా, తీసుకుపో" అన్నాడు.

గదిలో ఉన్న టీవీకి దాన్ని తగిలించాను. అందులో ఒక పెద్ద దేశం ఉంది. కొండలు, అడవులు, కాలిపోయిన ఊళ్ళు. కత్తి పట్టుకున్న ఆడమనిషిని నేను. ఎటు కావాలంటే అటు పోవచ్చు, వద్దనేవాళ్ళు లేరు. మొదట్లో గోడలకు గుద్దుకుంటూ, ఏట్లో పడుతూ గడిపాను. తర్వాత ఒక బూడిదరంగు గుర్రం దొరికింది. ఈల వేస్తే ఎక్కడున్నా పరుగెత్తుకొచ్చేది. ఆటలో చెయ్యమన్న పనులేవీ చెయ్యకుండా, దాని మీద ఊరికే తిరిగేదాన్ని. గాలి వీస్తే మైదానంలో గడ్డంతా ఒకే పక్కకు వాలేది. అది చూడ్డానికే ఆగేదాన్ని.

కథ ముందుకు సాగాలంటే మాత్రం వంతెన మీద కాపలావాణ్ణి ఓడించాలి. వాడు గద ఎత్తిన క్షణంలోనే బొత్తాం నొక్కి పక్కకు తప్పుకోవాలి. నేను నొక్కేసరికి నేల మీద పడి ఉండేదాన్ని. చచ్చిన ప్రతిసారీ కొండ కింద నుంచి మళ్ళీ మొదలు. ఒకరోజు కంట్రోలర్‌ని మంచం మీదికి విసిరేశాను. కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఎవరూ చూడకపోయినా సిగ్గేసింది.

ఒక ఆదివారం, అడ్డదారి కదా అని కొండ అంచు మీంచి గుర్రాన్ని దూకించాను. నేల దగ్గర్లోనే ఉందనిపించింది. లేదు. నేను లేచాను, అది లేవలేదు. ఈల వేశాను. మళ్ళీ వేశాను. జరిగిందంతా ఆట తనంతట తానే భద్రం చేసుకుంటుంది, వెనక్కి పోయే దారి లేదు.

తమ్ముడికి ఫోన్ చేశాను. "గుర్రం చచ్చిపోయిందిరా."

"అంతేనా? ఇంకోటి కొనుక్కోక్కా, లాయంలో ఉంటాయి. బయట ఉండా, మళ్ళా చేస్తా" అని పెట్టేశాడు.

మర్నాడు డెయిరీలో భోజనాల దగ్గర పక్కసీటావిడ నన్ను చూసి, "ఏం మ్మా, మొగం అట్లుండాది?" అంది.

"నా గుర్రం చచ్చిపోయింది" అనేశాను.

బల్ల చుట్టూ చేతులు ఆగిపోయాయి. "నీకు గుర్రం యాడిది?"

"గేమ్‌లో."

అందరూ నవ్వారు. చెడ్డ నవ్వేం కాదు. నేనూ నవ్వి, డబ్బాలో మిగిలిన అన్నం అలాగే మూతపెట్టేశాను.

ఆ సాయంత్రం ఇంటి ఓనరమ్మ మేడ మీద ఆరేసిన బట్టలు తీసుకోవడానికి వచ్చి, తెరిచిన తలుపులోంచి టీవీ చూసింది. "అదేం సినిమా మ్మా?" అంటూ బట్టల మూటతోనే మంచం చివర కూర్చుంది. ఆట అని చెప్పాను.

"ఇంత బయల్లో నడిసి పోతా ఉండావే, బండి లేదా?"

"గుర్రం ఉండేది. చచ్చిపోయింది."

ఆమె నవ్వలేదు. "అయ్యో, ఎట్ల?"

కొండ, అడ్డదారి, ఈల, అన్నీ చెప్పాను. అంత సేపు ఒకరితో మాట్లాడి ఎన్నాళ్ళయిందో.

"నువ్వు దూకమంటివి, అది దూకె. పాపం" అంది. కాసేపుండి, పొయ్యి మీద పప్పు ఉండాదని వెళ్ళిపోయింది.

ఆ తర్వాత చాలా సాయంత్రాలు తలుపు తెరిచే ఉంచాను. ఆమె వచ్చేది, బట్టలు తీసుకుని దిగిపోయేది.

వానలు మొదలయ్యాక ఒక సాయంత్రం వంతెన మీది కాపలావాడు పడిపోయాడు. ఎలా ఓడించానో నాకే తెలియదు. లేచి నిలబడి "కొట్టేశా!" అని గట్టిగా అరిచాను. గదిలో ఫ్యాను తిరుగుతోంది. తమ్ముడికి చెబుదామని ఫోన్ తీసి, పక్కన పెట్టాను.

కింది నుంచి ఓనరమ్మ కేకేసింది. "ఏమయింది మ్మా, అరిసినావు?"

మెట్ల దాకా వెళ్ళాను. చెప్పాలంటే వంతెన నుంచి మొదలుపెట్టి చెప్పాలి. ఆమె చేతిలో చాట ఉంది.

"ఏం లేదమ్మా, బల్లి."

"బల్లికేనా అంత బయం!" అని లోపలికి పోయింది.

నేనూ గదిలోకి వచ్చి, వంతెన దాటాను.