గోడకు పట్టిన పొడ

మా అమ్మాయి యిస్కాకు ఆరేళ్లు. ఏ అనుమానం వచ్చినా నా దగ్గరికి రాదు, కింది అంతస్తులో ఉండే సాద్యా తాత దగ్గరికి పోతుంది. నేను రసాయనశాస్త్రంలో ఎమ్మెస్సీ చేసి తాగునీటి ల్యాబులో పనిచేస్తున్నాను. ఆయన ఏడో తరగతి దాటని తాపీమేస్త్రీ. నా ఏడుపు ఏమిటో ఈపాటికి మీకు తెలిసిపోయి ఉంటుంది.

సాద్యా పుట్టింది మా రోష్ హాయిన్‌లోనే, యెమెన్ నుంచి వలస వచ్చిన యూదులకు వేసిన గుడారాల్లో. నలుగురు అన్నదమ్ములకు మా ధర్మగ్రంథం తోరా పుస్తకం ఒక్కటే. తండ్రి దాన్ని మధ్యలో పెట్టి చుట్టూ కూర్చోబెట్టేవాడట. సాద్యాకు దక్కింది తలకిందుల వైపు. ఇప్పటికీ పుస్తకం తిరగేసి పట్టుకుంటేనే ఆయన నోరు తడబడకుండా సాగుతుంది. పదమూడో ఏట తాపీ పట్టుకున్నాడు. ఈ ఊళ్లో చాలా గోడల నునుపు ఆయన చేతి చలవే. భార్య పోయి తొమ్మిదేళ్లయింది.

శుక్రవారం మధ్యాహ్నం చేతుల సున్నం కడుక్కుని మెట్ల మీద కూర్చుంటాడు. ఒళ్లో వేయించిన పల్లీలు, గుమ్మడి గింజలు. చుట్టూ బిల్డింగులోని పిల్లలు. ఆ వారం మందిరంలో చదవబోయే తోరా పాఠంలోంచి ఒక కథ చెప్పి, చివర్న ఒక్కొక్కరికీ ఒక చీటీ ఇస్తాడు. మీద పాఠంలోని వాక్యం, కింద ఒకే ఒక్క ప్రశ్న. రాత్రి, వారం వారం వచ్చే సబ్బాతు పండుగ భోజనం దగ్గర ఇంట్లోవాళ్లను అడగాలి. "ప్రళయమంతా ఓడలో అన్ని రోజులు ఉన్నారు కదా, నోవహు ఎవరితో పోట్లాడి ఉంటాడు?" ఇలాంటివి. జవాబు ఆయన చెప్పడు.

నేనూ పుస్తకాలు కొన్నాను. గురువారాలు కూర్చుని ప్రశ్నలు తయారుచేశాను. "మోషే కర్ర పాము కావడంలో మనం నేర్చుకోవలసిన నీతి ఏమిటి?" అని అడిగితే యిస్కా రొట్టె నములుతూ, "నాన్నా, ఇది బళ్లో పరీక్షలా ఉంది. సాద్యా తాత చీటీ అడగనా?" అంది. మా ఆవిడ నోగా నవ్వు ఆపుకోలేక సూపు గిన్నె పట్టుకుని వంటింట్లోకి పారిపోయింది.

ఆ చలికాలం నేను చేసిన పని చెబుతాను. యిస్కా స్నానానికి వెళ్లగానే దాని కోటు జేబులోంచి చీటీ తీసేవాణ్ణి. చించుదామంటే దాని మీద ఉన్నది తోరా వాక్యం. మాలో అలాంటి కాగితం చించరు, చెత్తలో వేయరు. అందుకని పిల్ల గదిలో బీరువా పైన గోడలో ఉన్న గాలి ఆడే గొట్టంలోకి తోసేసేవాణ్ణి. "చీటీ పోయింది నాన్నా" అని అది కళ్లనీళ్లు పెట్టుకుంటే, "పోతే పోనీలే, నాన్న దగ్గర ప్రశ్న ఉందిగా" అనేవాణ్ణి. ఇలా పద్నాలుగు వారాలు.

వసంతం వచ్చేసరికి ఆ గది గోడ మీద నల్లటి, పచ్చటి మచ్చలు లేచాయి. పిల్లకు దగ్గు మొదలైంది. మచ్చను గీకి ల్యాబుకు తీసుకెళ్లాను, బూజు పేరు కనుక్కున్నాను, మందు పెట్టి తుడిచాను. వారం తిరగకుండా మళ్లీ వచ్చింది.

సరిగ్గా అప్పుడే ఇళ్ల గోడలకు కుష్ఠు మచ్చలా పట్టే పొడ గురించిన తోరా పాఠం వచ్చింది. శుక్రవారం యిస్కా మెట్లెక్కి వస్తూనే, "గోడకు పొడ ఎందుకొస్తుందో తెలుసా నాన్నా? ఆ ఇంటాయన కన్ను మంచిది కాకపోతే వస్తుందట. పక్కవాళ్లను చూసి ఓర్వలేకపోతే" అంది.

"ఎవరన్నారు?"

"ఇంకెవరంటారు!"

నేను కిందికి దూకినంత పని చేశాను. "బాబాయ్, బూజు వచ్చేది తేమ వల్ల. దగ్గుతున్న పిల్లకు ఇవేం మాటలు?"

"తేమేనయ్యా ఎల్కానా, ఎవరు కాదన్నారు? అరవై ఏళ్లు తేమతోనే కాపురం చేశాను. మా ఆవిడ కూడా నన్నంత అంటిపెట్టుకుని లేదు." ఆయన పల్లీ ఒలిచి నోట్లో వేసుకున్నాడు. "తేమ ఎందుకొచ్చిందో చూశావా?"

"కాంక్రీటు కదా, చలికి..."

"ఆదివారం వస్తా. సామానంతా బయట పెట్టు. పాఠంలోనూ అంతే, యాజకుడు వచ్చేలోపు ఇల్లు ఖాళీ చెయ్యాలి. ఆయన చూసి ఏడు రోజులు ఇల్లు మూసేస్తాడు, పొడ పోకపోతే ఇంకో ఏడు. నేను యాజకుణ్ణి కాదనుకో. తాపీ ఉంది, చాలు."

ఆదివారం పరుపు, బొమ్మలు, పుస్తకాలు వరండాలోకి చేరాయి. "ఇల్లు మారుతున్నారా? మాటమాత్రం చెప్పలేదే!" అని ఎదురింటావిడ దెప్పింది. బీరువా కదిలాక గాని నాకు గొట్టం గుర్తురాలేదు. అందరి ఇళ్ల నీళ్లూ పరీక్షించేవాణ్ణి, గదికి గాలి ఆడకుండా నా చేత్తో నేను మూసిన కంత తట్టనేలేదు.

సాద్యా అప్పటికే నిచ్చెన మీద ఉన్నాడు. గొట్టంలో రెండు వేళ్లు పెట్టి తడి ముద్ద ఒకటి లాగాడు. విప్పి తన చేతిరాత చూసుకున్నాడు. తర్వాత నన్ను చూశాడు.

"ఏముంది తాతా?" అంది యిస్కా.

"గూడులాంటిది ఉన్నట్టుంది." ముద్దను చొక్కా జేబులో పెట్టుకుని నాతో మెల్లగా అన్నాడు. "ఎంత చదివినవాడైనా ఇంట్లో పొడ ఉందని తేల్చెయ్యకూడదయ్యా. పొడలాంటిది కనబడుతోంది అనాలి. పాఠం మనకు చెప్పింది అంతవరకే."

నేను నోరు మూసుకుంటే యిస్కాకు ఎప్పటికీ తెలిసేది కాదు. ఆయన కడుపులో పెట్టుకునేవాడు. కానీ అంతవరకు వచ్చాక నావల్ల కాలేదు. నేల మీద దాని పక్కన కూలబడ్డాను.

"అవి నీ చీటీలమ్మా. నేనే దాచాను."

"ఎందుకు?"

"అన్నీ ఆయన్నే అడుగుతావు. నన్ను అడగవు. ఓర్వలేకపోయాను."

అది ఏడవలేదు. "అయితే నువ్వు ఏడు రోజులు బయట ఉండాలి" అంది.

"అది గోడకు కదమ్మా?"

"గోడకీ. మనిషికీ."

నిచ్చెన మీంచి సాద్యా, "తీర్పు బాగానే ఉంది. అప్పీలు లేదు, ఎల్కానా" అన్నాడు.

ఆ వారమంతా నిద్రపుచ్చే వేళ నాకు ఆ గదిలోకి ప్రవేశం లేదు. నోగా కథలు చెబుతుంటే గుమ్మం బయట స్టూలు వేసుకుని వినేవాణ్ణి. సాద్యా గోడకున్న పాత గిలాబు పూత గీకి కొత్తది వేశాడు. దగ్గు తగ్గుముఖం పట్టింది.

మరుసటి ఆదివారం పొద్దున్నే యిస్కా ముందు గోడను తడిమి చూసింది. తర్వాత బయటికి వచ్చి నన్ను హాలు కిటికీ దగ్గర వెలుతురులో నిలబెట్టి, వంగమని నా కళ్లలోకి చూసింది.

"నిజం చెప్పు. మొన్న శుక్రవారం నేను కిందికి పరిగెత్తినప్పుడు నీకేమనిపించింది?"

అబద్ధం ఆడదామనుకున్నాను. "మండింది" అన్నాను.

"ఎంత?"

బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య కొంచెం ఖాళీ పెట్టి చూపించాను. అది నా వేళ్ల దగ్గరికి ముఖం తెచ్చి, ఆ ఖాళీని కొలిచినట్టు చూసింది.

"ఇంకో ఏడు రోజులు" అని తన గదిలోకి పోయి తలుపు వేసేసింది.