నేను వదిలిన వల కన్ను

ముందే చెప్పేస్తున్నాను. నేను ఐదో తరగతి కూడా పూర్తి చెయ్యలేదు. ఒత్తులు ఎక్కడ పెట్టాలో, దీర్ఘాలు ఎక్కడ తియ్యాలో సరిగ్గా తెలీదు. ఇన్నాళ్లూ సంతకం తప్ప ఏమీ రాసింది లేదు. చదివేవాళ్లు కొంచెం ఓర్చుకోవాలి.

మా అమ్మాయి ధనలక్ష్మి "నువ్వు చెప్పు, నేను రాస్తాను" అంది. వద్దన్నాను. దాని చేత్తో రాస్తే అదే కల్పించింది అంటారు. మా వీధిలో ఇప్పటికే సగం మంది నేను కల్పించానంటున్నారు. అందుకే రాస్తున్నాను.

నాకు దెయ్యాలంటే ఎప్పుడూ నమ్మకం లేదు. విశాఖపట్నంలో చేపలమ్ముకుని బతికే మనిషిని. తెల్లారకముందే ఫిషింగ్ హార్బర్‌కి వెళ్లి వేలంపాటలో చేపలు కొనుక్కోవాలి. దారిలో శ్మశానం ఉంది. ఆ దారిలో కుక్కలకి భయపడ్డాను, తాగుబోతులకి భయపడ్డాను. దెయ్యానికి మాత్రం ఏ రోజూ భయపడలేదు. ఎవరైనా దెయ్యం కథ మొదలుపెడితే లేచి వెళ్లిపోయేదాన్ని.

మా ఆయన సముద్రంలో చేపల వేటకి వెళ్లి తిరిగి రాలేదు. ఏళ్లయింది. పేరు రాయను, మాలో భర్త పేరు చెప్పం. తుఫాను గాలి లేచింది, బోటు ఏమైందో తెలీదు. అందులో వెళ్లినవాళ్లు ఒక్కరూ రాలేదు. చెక్కముక్క కూడా ఒడ్డుకి కొట్టుకు రాలేదు. మిగతా ఇళ్లలో పెద్దకర్మలు చేసేశారు. నేను చెయ్యనివ్వలేదు. బొట్టు తియ్యలేదు, గాజులు తియ్యలేదు. మనిషిని చూడకుండా చచ్చిపోయాడని నా నోటితో నేను ఎలా ఒప్పుకుంటాను?

మా బావగారు ఎర్రయ్య, అంటే మా ఆయనకి అన్నగారు, ఎప్పుడొచ్చినా ఇదే మాట.

"కొండమ్మా, ఆడు నీళ్లు నేక అల్లాడిపోతన్నాడు. ఎన్నాళ్లిలాగ?"

"దాహమేత్తే ఇంటికొత్తాడు బావగారూ. కుండ నిండుగానే ఉంది."

"నీతో ఏటి మాట్లాడతాం!" అని తువ్వాలు దులుపుకుని వెళ్లిపోయేవాడు. మంచి మనిషే. తమ్ముణ్ణి చేతుల మీద పెంచాడు. కానీ ఈ మధ్య మాత్రం గట్టిగా చెప్పేశాడు. రాబోయే అమావాస్యకి కులపెద్దలు కూర్చుంటారు, నేను ఒప్పుకున్నా ఒప్పుకోకపోయినా కర్మ చేసేస్తారు అని.

ఇక్కడ మా అత్త నేర్పిన ఒక పద్ధతి చెప్పాలి. అది తెలియకపోతే తర్వాత జరిగింది అర్థం కాదు.

వలలో ఒక్కో గడిని మేం కన్ను అంటాం. చిరిగిన వల ఆడవాళ్లం కూర్చుని బాగుచేస్తాం. అంతా అల్లాక చివరి కన్ను ఒకటి కట్టకుండా వదిలేస్తాం. మనిషి వేట నుంచి తిరిగొచ్చాక తన చేత్తో తనే ఆ కన్ను కడతాడు. పని సగంలో ఉంటే మనిషి తిరిగొస్తాడని మా అత్త అనేది. మా ఆయన ఒడ్డున దిగగానే, ఒళ్లంతా తడిగా ఉండగానే కూర్చుని ఆ ముడి వేసేవాడు. వల అల్లడం ఆయనకి సరిగ్గా రాదు. దారం రెండుసార్లు తిప్పి లాగుతాడు. ముడి రేగిపండులా ఉబ్బిపోయి ఉంటుంది. "ఏటి ఆ ముడి, సేపలు సూసి నవ్వుతాయి" అనేదాన్ని. "నవ్వినప్పుడే నోరు తెరుత్తాయి, అప్పుడే పట్టుకోవాల" అనేవాడు.

ఆయన చివరిసారి వెళ్లేముందు కూడా వల నేనే బాగుచేశాను. మధ్యలో దారం అయిపోయింది. పొద్దు పోతోందని కట్టుకున్న పసుపు చీర అంచు చింపి, దాన్ని మెలిపెట్టి కొంత అల్లాను. ఎర్రంచు పసుపు చీర. చివరి కన్ను అలవాటుగా వదిలేశాను. ఆ వల బోటుతో పాటే పోయింది. ఆ చీర మాత్రం ఇప్పటికీ నా ట్రంకుపెట్టెలో ఉంది, చిరిగిన అంచుతోనే. కావాలంటే ఎవరైనా వచ్చి చూసుకోవచ్చు.

ఇంకొక సంగతి. నాది ఎడంచేతి వాటం. నేనేసే ముడి అందరి ముడికీ తిరగబడి ఉంటుంది. మా వీధిలో అలా అల్లేది నేనొక్కదాన్నే.

ఇంక నేను వియత్నాం వెళ్లిన సంగతి చెబుతాను. నాలాంటిది విమానం ఎలా ఎక్కిందని మీరనుకోవచ్చు. ధనలక్ష్మి ఇక్కడ ఒక ట్రావెల్స్ ఆఫీసులో పనిచేస్తోంది. గుంపుని తీసుకెళ్లి తీసుకొచ్చే పని దానిది. ఈసారి డా నాంగ్ అనే ఊరికి గుంపు కట్టారు. ఒకరు రానన్నారు. ఆ సీటుకి ఆఫీసులో బతిమాలి నన్ను తీసుకెళ్లింది. "పెదనాన్న గొడవ నేకండా కొన్నాళ్లు ఊపిరి తీసుకుందువు గానీ రా అమ్మా" అంది.

ఆ ఊరు చూడగానే నాకు కొత్త అనిపించలేదు. సముద్రం, ఇసుక, పక్కనే మన డాల్ఫిన్ నోస్‌లాగే సముద్రంలోకి పొడుచుకొచ్చిన కొండ. ఆ కొండ మీద తెల్లటి పెద్ద అమ్మవారి విగ్రహం సముద్రం వైపు తిరిగి ఉంది. వేటకెళ్లేవాళ్లని ఆ తల్లి కాస్తుందట. మనకి గంగమ్మ ఉన్నట్టే. ఒడ్డున గుండ్రటి బుట్టల్లాంటి పడవలు బోర్లించి ఉన్నాయి.

ఒక సాయంత్రం మమ్మల్ని వీధుల్లో తిప్పి అక్కడి తిండి రుచి చూపించారు. ముందుండి తిప్పింది లిన్ అనే అమ్మాయి. ఆమె ఇంగ్లీషులో చెబితే ధనలక్ష్మి మాకు తెలుగులో చెప్పేది. నది ఒడ్డున నడిచాం, డ్రాగన్ బొమ్మ ఉన్న వంతెన చూశాం. తర్వాత సందుల్లోకి తీసుకెళ్లింది. పసుపు కలిపిన బియ్యప్పిండితో అట్టు వేసి మధ్యలో రొయ్యలు పెట్టారు. దాన్ని ఆకుల్లో చుట్టి, చేపలు ఉప్పులో ఊరబెట్టి తీసిన ఊటలో ముంచి తినాలట.

మా గుంపులో పెందుర్తి నుంచి వచ్చిన కిరాణా కొట్టు సుబ్బలక్ష్మిగారు ముక్కు మూసుకుంది. "ఇదేటమ్మా, ఆకులూ అలములూ మేకల్లాగ నమలమంటన్నారు!" అని సంచిలోంచి చింతకాయ పచ్చడి సీసా తీసింది. నేను మాత్రం శుభ్రంగా తిన్నాను. ఆ ఊట వాసన మా ఎండుచేపల గంప వాసనే.

ఆఖరికి సముద్రం దగ్గర సందులో ఒక చేపల కొట్టుకి తీసుకెళ్లింది లిన్. కొట్టు నడిపేది నా వయసు మనిషి. బొగ్గుల మీద చేపలు కాలుస్తోంది. ఎత్తు తక్కువ ప్లాస్టిక్ స్టూళ్లు వేశారు. నెత్తి మీద నీడకీ అందానికీ పాత వల ఒకటి పందిరిలా కట్టారు. దానికి వేలాడుతూ ఒక బుట్ట దీపం.

చేపలోళ్లకి వల కనిపిస్తే కళ్లు ముందు చిరుగుల మీదకే పోతాయి. తల ఎత్తి చూశాను. దీపం పక్కనే అతుకు ఉంది. ముళ్లన్నీ తిరగబడి ఉన్నాయి. మధ్యలో మెలిపెట్టిన గుడ్డ. పసుపు రంగు వెలిసిపోయింది గానీ ఎర్రంచు తెలుస్తోంది.

నా చేతిలో చేపముక్క అలాగే ఉండిపోయింది.

"ధనా, అది మన వలే."

"ఊరుకో అమ్మా. ఎక్కడ వైజాగు, ఎక్కడ డా నాంగు!"

"నా సెయ్యి నాకు తెలీదేటే? స్టూలెక్కి సూడు."

అది ఎక్కి ఫోన్‌తో ఫోటో తీసింది. కిందికి దిగి ఆ ఫోటోనే పెద్దది చేసి చూస్తోంది. చిన్నప్పుడు ఆ చీర కొంగు పట్టుకుని తిరిగిన పిల్లే కదా.

నేనూ ఎక్కి చూశాను. అతుకు చివర నేను వదిలేసిన కన్ను వెతికాను. అది తెరిచి లేదు. కట్టేసి ఉంది. దారం రెండుసార్లు తిప్పి లాగిన ముడి. రేగిపండంత ఉబ్బు.

లిన్‌తో ఆ కొట్టామెని అడిగించాను. ఒకసారి పెద్ద గాలివాన తర్వాత ఒడ్డున ఇసుకలో కూరుకుపోయి దొరికిందట ఆ వల. వాళ్ల నాన్న తవ్వి తెచ్చి కట్టాడట. ఎవరిదో తెలీదంది. అంతవరకైతే నేను కూడా సర్దిచెప్పుకునేదాన్ని. సముద్రం ఎక్కడి వస్తువు ఎక్కడ పడేస్తుందో ఎవరికి తెలుసు? ముడి కూడా అక్కడివాళ్లే ఎవరో వేశారనుకునేదాన్ని.

కానీ ఆ ముడి చూపించగానే కొట్టామె మొహం మారిపోయింది. స్టూలెక్కి దీపం తీగ పట్టుకుని లాగింది. రాలేదు. మళ్లీ లాగింది. లిన్‌తో గబగబా ఏదో చెప్పింది. లిన్ నవ్వబోయి నవ్వలేకపోయింది.

ఆమె చెప్పింది ఇది. అక్కడ కన్ను తెరిచి ఉంటుందట. రోజూ కొట్టు తెరిచేటప్పుడు దీపం తీగ ఆ తెరపిలోంచి లోపలికి జరిపి తగిలిస్తుంది. మూసేటప్పుడు అలాగే జరిపి తీసేస్తుంది. ఆ సాయంత్రం కూడా అలాగే తగిలించింది. ఇప్పుడు తీగ లోపలుండగా దాని చుట్టూ కన్ను మూసుకుపోయింది. అంటే దీపం తగిలించాక ఎవరో కట్టారు. ఆమె అప్పటినుంచీ దాని కిందే నిలబడి చేపలు కాలుస్తోంది. మేము వచ్చిందీ దాని కిందికే. స్టూలెక్కకుండా ఎవరికీ అందదు. మేము ఎక్కేదాకా ఎవరూ ఎక్కలేదు.

నేను మళ్లీ ఎక్కి ముడి పట్టుకున్నాను. వలంతా పొడిగా, పెళుసుగా ఉంది. ఆ ఒక్క ముడి తడిగా ఉంది.

సుబ్బలక్ష్మిగారు పచ్చడి సీసా అక్కడే వదిలేసి వ్యాన్‌లోకి వెళ్లి కూర్చుంది. కొట్టామె అగరొత్తులు వెలిగించి సముద్రం వైపు తిరిగి దణ్ణం పెట్టింది. ధనలక్ష్మి ఏడుస్తోంది. "నాన్న ఒచ్చాడమ్మా. నీకు కనిపించి ఎల్లిపోడానికొచ్చాడు. ఇంక ఒగ్గేయమ్మా" అంది.

అందరూ నేను కూడా ఏడుస్తాననుకున్నారు. నాకు ఏడుపు రాలేదు. కోపం వచ్చింది. ఇన్నేళ్లు కుండలో నీళ్లు మార్చి మార్చి పెట్టాను. వీధిలో ఎన్ని మాటలు పడ్డాను! ఊరు కాని ఊళ్లో, ఎవరి కొట్లోనో ముడి వేసేసి వచ్చేశాననిపించుకుంటే సరిపోతుందా?

ఆ ముడి పళ్లతో పట్టి, గోళ్లతో గుంజి విప్పేశాను. గట్టిగా ఉంది, గోరు విరిగింది. నోటికి ఉప్పు తగిలింది. కన్ను మళ్లీ తెరుచుకుంది. కొట్టామె తీగ జరిపి దీపం తీసుకుంది.

వల పట్టుకుని గట్టిగానే అన్నాను. "వొచ్చినోడివి ఇంటికి రా. నా ముందర కూకుని కట్టు. ఇక్కడ కట్టీసి ఎల్లిపోతానంటే నాను ఒప్పుకోను."

లిన్‌కీ కొట్టామెకీ నా మాట అర్థం కాలేదు. అయినా కొట్టామె నా చెయ్యి పట్టుకుని చాలాసేపు వదల్లేదు. వల ఇచ్చేస్తానని సైగ చేసింది. వద్దన్నాను. ఆయనకి ఆ చోటు తెలుసు కదా, ఉండనీ అనుకున్నాను.

ఇంటికొచ్చాక పెద్దలు కూర్చున్నారు. ధనలక్ష్మి ఫోటో చూపించింది, నేను విప్పకముందు తీసింది. కొందరు నవ్వారు. ఫోన్లో ఏదైనా చేయొచ్చన్నారు. ఎడంచేతివాళ్లు లోకంలో చాలామంది ఉంటారన్నారు. బావగారు మాత్రం నవ్వలేదు. ఫోటో దగ్గరగా పెట్టుకుని ముడి చూశాడు. తమ్ముడికి ముడి వెయ్యడం నేర్పింది ఆయనే. ఎంత నేర్పినా రాలేదని ఎప్పుడూ తిట్టేవాడు.

"ఇది ఆడి ముడే" అన్నాడు. కండువాతో మొహం కప్పుకున్నాడు. కళ్లు తుడుచుకుని అన్నాడు. "ఆడు ఒడ్డుకి సేరిపోనాడు కొండమ్మా. నీకు సెప్పీసే ఎల్లాడు. ఇంకేటి కావాల?"

"సేరితే నా ఒడ్డుకి సేరాల బావగారూ. కన్ను నాను మళ్లీ తెరిసీసినాను. తెరిసున్న కన్నుకి కర్మ సేత్తారేటి?"

మా అత్త పద్ధతి అక్కడున్న అందరి ఇళ్లలోనూ ఉన్నదే. బావగారే ముందు లేచి చెప్పులేసుకున్నాడు. అమావాస్య వెళ్లిపోయింది. కర్మ జరగలేదు.

అది ఏమిటో నాకు ఇప్పటికీ తెలీదు. ఆయన ఎక్కడో బతికే ఉన్నాడో, లేక లేడో, ఆ తడి ఎక్కడిదో చెప్పలేను. బతికుంటే స్టూలెక్కకుండా ఎలా కట్టాడు? లేకపోతే దారం ఎలా పట్టుకున్నాడు? దెయ్యాన్ని చూశానని మాత్రం నేను అనను. నేను చూసింది ఒక ముడి. ఆ ముడి వేసే మనిషి నాకు తెలుసు.

బొట్టు పెట్టుకునే హార్బర్‌కి వెళ్తున్నాను. కుండలో నీళ్లు మారుస్తున్నాను.

రాతలో తప్పులు చాలా ఉండుంటాయి. చదువులేనిదాన్ని, పెద్ద మనసుతో మన్నించండి. ఆ ముడి విప్పినందుకు మాత్రం నన్ను ఎవరూ మన్నించక్కర్లేదు.