రెండో కొలత

టపాకాయల మందు వాసన తగిలితే నేను ఇప్పటికీ తలుపు వేసుకుంటాను.

తెల్లదొరల కాలంలో, కొమరోలు దగ్గర మా జొన్నచేలో అడవిపందులు పడేవి. వాటికోసం నాయన లైసెన్సు తుపాకి ఉంచుకుని, కాల్చిన ఇత్తడి తూటాల్లో ఇంట్లోనే మళ్లీ మందు నింపేవాడు. ఆ పనిలో ఉన్నంతసేపూ ఎవరినీ మాట్లాడనిచ్చేవాడు కాదు.

నాకప్పుడు ఎనిమిదేళ్లు. ఒకరోజు పెదనాన్న పిలిస్తే నాయన పని మధ్యలో వాకిట్లోకి వెళ్లాడు. మందు ఎక్కువైతే పంది ఒక్క దెబ్బకే పడుతుందనుకుని, ఆయన అప్పటికే మందు పోసి ఉంచిన తూటాలో నేను ఇంకో కొలత పోశాను. తిరిగొచ్చి ఆయన దాన్ని బిగించేశాడు.

మర్నాడు చేలో తుపాకి పగిలి నాయన కుడిచేతి వేళ్లు రెండు పోయాయి.

"మనసు యాడ పెట్టుకోని నింపినావయ్యా?" అని అమ్మ ఏడ్చింది.

"తప్పు నాదేలే. మధ్యలో లేచి వాకిట్లోకి పోయినా గదా, పోసింది మరిచి మళ్ల పోసుంటా," అన్నాడు నాయన. చూడవచ్చిన వాళ్లందరికీ అదే చెప్పాడు.

చెయ్యి మానేదాకా నేనే ఆయనకు అన్నం కలిపి పెట్టాను. ప్రతి ముద్దకూ చెప్పేద్దామనుకునేదాన్ని. "నా తల్లే," అంటూ ఆయన నోరు తెరిచేవాడు.

తెలియనితనంతో మందు పోశాను, సరే. నాయన ఆ తర్వాత ఇరవై ఏళ్లు బతికాడు. అన్నేళ్లూ నోరు విప్పకపోవడానికి నా దగ్గర ఏ సాకూ లేదు.