సమ్మె రోజుల్లో మూడంతస్తుల కేకు

దిల్‌సుఖ్‌నగర్‌లో మా అక్క వాళ్లుండేది ఒక్క పోర్షన్, అదీ కిరాయికి. ముందొక గది, వెనక వంటిల్లు. కూతురి పదహారో పుట్టినరోజుకు చేయించిన కేకుకు మాత్రం మూడంతస్తులు. ఈ మాట నేనిప్పటికీ అక్క మొహం మీదే అంటాను. అన్నప్పుడల్లా అక్క నాతో రెండు రోజులు మాట్లాడదు.

అప్పుడు తెలంగాణ ఉద్యమం మంచి ఊపు మీదుంది. బస్సులన్నీ డిపోల్లోనే ఆగిపోయాయి. మా బావ హయత్‌నగర్ డిపోలో డ్రైవరు, అందరితోపాటు సమ్మెలో ఉన్నాడు. జీతం మొహం చూసి నెల దాటింది. పొద్దున్నే ఇంత తిని డిపో ముందు వేసిన టెంటు కిందికి పోయేవాడు, సాయంత్రానికి గొంతు పోగొట్టుకుని వచ్చేవాడు. సమ్మెలో మనిషిని నమ్మడానికి చూసేది ఒక్కటే, ఇవాళ టెంటు కిందికి వచ్చాడా లేదా అని. రెండు రోజులు కనబడకపోతే చాటుగా డ్యూటీ ఎక్కే ఆలోచనలో ఉన్నాడని అనుమానిస్తారు. బావ ఒక్క పూట కూడా మానలేదు. డిపోలో ఆయనకున్నది ఆ మంచి పేరొక్కటే.

సరిగ్గా అప్పుడే మా అక్కకు పుట్టినరోజు పిచ్చి పట్టింది. పిల్ల ఇంటర్ మొదటి సంవత్సరం. క్లాసులో ముగ్గురమ్మాయిలు ఫంక్షన్ హాళ్లలో పుట్టినరోజులు చేసుకున్నారు. మాదీ మూడింటికీ వెళ్లి, బుద్ధిగా తిని, మూడు రిటర్న్ గిఫ్టులు తెచ్చుకుంది. పెట్టింది తిన్నందుకు మళ్లీ చేతిలో లంచం పెట్టి పంపే ఈ ఆచారం ఎవడు కనిపెట్టాడో గానీ వాడికి దండం పెట్టాలి. మా చిన్నప్పుడు పుట్టినరోజంటే తలంటు, సేమియా పాయసం. కొత్త గౌను ఉంటే గౌను, లేకపోతే ఉతికిన గౌను. దానికి మేమెవరం చిన్నబోయి చావలేదు.

"మూడు దిక్కుల తినొచ్చింది. మనం పెట్టకపోతే పిల్ల కాలేజీల తలకాయ ఎత్తుతదా?" అంది అక్క.

"బావకు జీతమే లేదు గదనే. ఇంట్ల పాయసం వండు, ఆ ముగ్గుర్ని ఇంటికే పిలువు" అన్నాను.

"నీకు పిల్లల్లేరు. నీకేం తెలుస్తది?"

ఆ మాటకు నాకు కోపమూ వచ్చింది, ఏడుపూ వచ్చింది. పిల్లల్లేకపోతే బుర్ర కూడా ఉండదనుకుంది కాబోలు. ఆ తర్వాత నేనేమీ అనలేదు, చెప్పిన పనల్లా చేశాను. అదే నా తప్పు.

ఇంటి ఓనరుగారి భార్యది గుంటూరు వైపు. ఆమె కూడా మెట్ల దగ్గర ఆపి మెల్లగా చెప్పి చూసింది. "మీ వారికి జీతాలు రావట్లేదు కదమ్మా. కాస్త పులిహోర, పరమాన్నం చేసి ఇంట్లోనే కానిచ్చెయ్యకూడదూ? మేమూ వస్తాం."

అక్క ఇంట్లోకి రాగానే, "సూసినవా, జీతం ముచ్చట ఎత్తి కిరాయి యాది చేస్తున్నది" అంది. మంచి మాట చెప్పినవాళ్లందరూ ఆ పదిహేను రోజులూ దానికి శత్రువులే.

చిట్టీ ఎత్తింది. ఎల్బీనగర్ చౌరస్తా దాటాక ఒక ఫంక్షన్ హాలు మాట్లాడింది. సాయంత్రమైతే రెట్టింపు అడుగుతారని మధ్యాహ్నం పూటకు తీసుకుంది, అందులో మహా పొదుపు చేసినట్టు అందరికీ చెప్పుకుంది. రెండు వందల మందిని పిలిచింది. తీరా రెండు రోజుల ముందు కబురొచ్చింది, అదే రోజు మధ్యాహ్నం చౌరస్తాలో వంటావార్పు అని. అంటే రోడ్డు మధ్యలో రాళ్ల పొయ్యిలు పెట్టి, వండుకుని, అక్కడే కూర్చుని తిని, బండి అన్నది కదలకుండా నిరసన తెలపడం. బావ డిపోవాళ్లందరూ ఇంటి నుంచి తలా ఇంత బియ్యం, ఇంత పప్పు తేవాలి.

బావ టెంటు కింద అబద్ధం చెప్పి వచ్చాడు. ఇంటామెకు పాణం బాగలేదు, దవాఖానకు తీస్కపోవాలె, రాలేను అని. చెప్పించింది అక్కే. బావ ఆ రోజు కలిపిన అన్నం వదిలేసి లేచాడు.

ఆ రోజు ఒక్క ఆటో దొరకడమే గగనమైంది. ముందు డ్రైవరు పక్కన, కోటు మడిచి ఒళ్లో పెట్టుకుని బావ. వెనక, ఎండకని రెండు వైపులా పరదాలు దించుకుని, పట్టుచీర కట్టి, బ్యూటీపార్లర్లో మొహానికి తెల్లగా సున్నం కొట్టించుకున్న అక్క. నేల ఊడ్చే గౌనులో పిల్ల. ఒళ్లో కేకు డబ్బా పెట్టుకుని నేను. సందుగొందుల్లోంచి దూరిపోదామన్నది అక్క పథకం. ఏ సందులోంచి పోయినా చివరికి తేలింది చౌరస్తాలోనే.

రోడ్డు నిండా జనం. మధ్యలో పొయ్యిలు, వాటి మీద పెద్ద పెద్ద గంజులు, అన్నం కుతకుత ఉడుకుతోంది. ఆటోను వెనక్కి తిప్పమని చెప్పడానికి ఒక పెద్దాయన వచ్చాడు. రిటైర్మెంటు దగ్గర పడ్డ డ్రైవరు, హైవే మీద బావకు పని నేర్పిన మనిషి. బావను చూడగానే ఆయన మొహం మారిపోయింది.

"అరె, చెల్లెకు ఎక్కువైందా? దవాఖానకేనా?" అన్నాడు. బావ జవాబు చెప్పేలోపే వెనక్కి తిరిగి కేకేశాడు. "ఏ, జరుగుండ్రి! మనోడే, ఇంటామెను దవాఖానకు తీస్కపోతున్నడు. ఆ గంజు దింపుండ్రి జల్దీ!"

మనుషులు పరుగెత్తారు. తువ్వాళ్లతో పట్టుకుని ఉడుకుతున్న అన్నం గంజును పొయ్యి మీంచి దింపారు. ఒకాయన చెయ్యి కాల్చుకుని విదిలించుకోవడం నేను చూశాను. కాళ్లతో రాళ్లు పక్కకు తోశారు. అప్పుడు పెద్దాయన ధైర్యం చెబుదామని వెనక సీటు వైపు వంగి, పరదా తొలగించి లోపలికి చూశాడు. మల్లెపూలు, పట్టుచీర, గౌను, కేకు డబ్బా.

అక్క కళ్లు మూసుకుంది. పిల్ల మాత్రం, "మమ్మీకేం కాలే పెద్దనాయినా. నా బర్త్‌డే" అంది.

ఆయన బావ వైపు ఒకసారి చూశాడు. పెద్దాయన జేబులోంచి ఇరవై రూపాయలు తీసి పిల్ల చేతిలో పెట్టి, "సల్లగుండు బిడ్డా" అన్నాడు. వెనక్కి తిరిగి మళ్లీ అరిచాడు. "జల్దీ తొవ్వ ఇయ్యుండ్రి, పాణం మంచిగ లేదు!"

ఆటో కదిలింది. రెండు వైపులా నిలబడ్డవాళ్లు "ధైర్యంగుండన్నా" అంటూ బావ భుజం తట్టారు. అప్పుడు ఆటో ఆపి దిగమని నేనైనా బావతో అనాల్సింది. అనలేదు. కేకు పైఅంతస్తు ఒరుగుతోందని రెండు చేతులతో పట్టుకుని కూర్చున్నాను. తలచుకుంటే నా మీద నాకే అసహ్యం వేస్తుంది.

హాలుకు రెండు వందల మందిలో ముప్ఫై మంది కూడా రాలేదు. కాలేజీ పిల్లలు నలుగురు వచ్చారు. బగారా అన్నం, కోడికూర గుట్టలుగా మిగిలాయి.

"డాడీ, ఇదంతా ఆ చౌరస్తాల ఉన్నోళ్లకు తీస్కపోదాం" అంది పిల్ల.

"ఏమని చెప్పి తీస్కపోవాలె బిడ్డా?" అన్నాడు బావ.

అన్నమంతా హాలువాళ్లు వెనక చెత్తకుప్పలో పారబోశారు. అక్క మాత్రం ఫొటోలు బాగా వచ్చాయా లేదా అని కనుక్కుంది.

మర్నాడు పొద్దున నేనింకా అక్క వాళ్లింట్లోనే ఉన్నాను. తలుపు తట్టారు. డిపో నుంచి నలుగురు వచ్చారు, చేతుల్లో బ్రెడ్డు, బత్తాయిలు. జీతాల్లేనివాళ్లు తలా కొంత వేసుకుని, జబ్బు మనిషిని చూడటానికి వచ్చారు. పెద్దాయన ఎవరికీ ఏమీ చెప్పలేదన్నమాట. వాళ్ల గొంతులు వినగానే అక్క గబగబా మంచమెక్కి దుప్పటి ముసుగు తన్నింది.

"వదినెకు ఎట్లున్నదన్నా?" అని అడిగారు.

పిల్ల గోడకానుకుని తండ్రినే చూస్తోంది. బావ అన్నాడు. "మీ వదినెకు ఏం కాలే. నేను అబద్ధం జెప్పిన. నిన్న బిడ్డ పుట్టినరోజు జేసిన, హాల్ల."

ఎవరూ తిట్టలేదు. తిట్టినా బాగుండేది. ఒకాయన బత్తాయిల సంచి పిల్ల చేతికిచ్చాడు, ఆయన అరచేతికి గుడ్డ చుట్టి ఉంది. మంచినీళ్లు తాగి లేచారు. అందరికంటే చిన్నవాడు గడప దగ్గర చెప్పులు వేసుకుంటూ, "మాకు జెప్తే ఆడనే ఇంత పాయసం గూడ వండుదుము గదన్నా" అన్నాడు.

వాళ్లు వీధి మలుపు తిరిగేదాకా బావ గుమ్మంలోనే నిలబడ్డాడు. అక్క అప్పటికీ దుప్పటి తీయలేదు.