చేపల కంచంలో నా పరిశోధన

ఎండ మండకుండా, వరద రాకుండా, ఎవరూ విషం కలపకుండానే మా బాబాయి చేపల చెరువును ఒక్క ఉదయంలో ఖాళీ చేయించబోయిన ఘనుణ్ణి నేను. ఎలాగో చెబుతాను. మీరు నవ్వుకోవచ్చు, ఆ నవ్వు నేను కష్టపడి సంపాదించుకున్నదే.

అప్పట్లో తాడేపల్లిగూడెంలో ఒక కాలేజీ ల్యాబులో హైడ్రోజెల్ మీద పరిశోధన చేసేవాణ్ణి. ఒంటినిండా నీళ్లు పట్టుకున్న మెత్తని పదార్థం అది. నానిన సబ్జా గింజ చుట్టూ ఉండే జిగురు లాంటిది. అందులో ఒక ఎంజైమూ కాస్త రంగూ కలిపి బిళ్లలు పోశాను. నీళ్లలో అమోనియా పెరిగితే పసుపు బిళ్ల ఆకుపచ్చగా మారుతుంది. వెనకనున్న చిన్న కెమెరా ఆ రంగు చూసి నా ఫోనుకు కబురు పెడుతుంది. ల్యాబులో గాజు తొట్టెలో బ్రహ్మాండంగా పనిచేసింది. గాజు తొట్టెలో చేపలు లేవన్న చిన్న విషయం మాత్రం నాకు తట్టలేదు.

ఆకివీడు దగ్గర బాబాయి చెరువులో చేపల పట్టుబడికి ఇంకా నెల ఉంది. ముందే పట్టేస్తే ఎదగని చేపలతో ఆ ఇంటి ఏడాది కష్టమంతా నీళ్లపాలు. అలాంటి చెరువును బాబాయి నా ప్రయోగానికి నవ్వుతూ ఇచ్చాడు.

బిళ్లలు మరీ మెత్తన, తాడు కడితే తెగుతాయి. పాకలో చిల్లుల మేత సంచీ ఒకటి కనిపించింది. మా వైపు తవుడూ నూనెగింజల చెక్కా అలాంటి సంచుల్లో నింపి చెరువులో కర్రలకు వేలాడదీస్తారు; చేపలొచ్చి చిల్లుల్లోంచి పీల్చుకు తింటాయి. నీళ్లు తిరగడానికి చిల్లులు సిద్ధం! ఒక్కో చిల్లుకు ఒక్కో బిళ్ల అమర్చి, లోపల కెమెరా పెట్టి, చెరువులో వేలాడదీశాను.

పిన్ని గట్టు మీంచి చూసింది. "అబ్బాయ్, అది చేపల కంచం కదయ్యా. అందులో నీ చదువు పెడతావేంటి?"

"ఇది సైన్సు పిన్నీ. చేపలకి దీని రుచి తెలీదండీ."

"తెలీకపోతే తెలుసుకుంటాయి."

మర్నాడు పొద్దున్నే చెరువు గట్టు మీద నోటి దగ్గర కాఫీ ఉండగా ఫోను పిల్లి తోక తొక్కినట్టు అరిచింది. అమోనియా ప్రమాద స్థాయి!

"బాబాయ్! నీళ్లు చెడిపోయాయండీ! ఇవాళే పట్టించెయ్యాలి!"

"వాసనేం రావట్లేదు కదరా?"

"వాసనొచ్చేసరికి చేపలుండవండీ! అదిగో, సంచీ దగ్గర ఊపిరాడక ఎలా నోళ్లు తెరుస్తున్నాయో చూడండి!"

ముప్ఫై ఏళ్లుగా చేపల్ని చూస్తున్న మనిషి, మూడేళ్లుగా జెల్‌ను చూస్తున్న నన్ను నమ్మాడు. అది తలుచుకుంటే నాకిప్పటికీ సిగ్గేస్తుంది. వెంటనే వలవాళ్ల మేస్త్రికి ఫోను చేశాడు. గంటలో మనుషులొచ్చారు. ఐసు లారీ గట్టెక్కింది. వల నీళ్లకు తాకబోతోంది.

"ప్రభువా! ఆగండాగండి," అంటూ పిన్ని పరుగున వచ్చింది. "అబ్బాయ్, నీ కెమెరా ఫోటోలు తీస్తుందన్నావుగా. ఏవీ, చూపించు?"

నేను అంకెలే చూశాను గానీ ఫోటోలు తెరవలేదు. తెరిచాను. మొదటి ఫోటోలో ముచ్చటైన పసుపు బిళ్ల. రెండోదాంట్లో సగం బిళ్ల. మూడోదాంట్లో తెర నిండా బొచ్చె చేప నోరు! ఆ తర్వాత ఖాళీ చిల్లు, దాని అవతల చెరువు నీళ్ల పచ్చదనం. ఆ పచ్చనే నా మహాయంత్రం అమోనియా అనుకుంది. ఊపిరాడక కాదు, చేపలు రెండో వాయి కోసం నోళ్లు తెరుస్తున్నాయి.

మేస్త్రి గొంతు సవరించుకున్నాడు. "ఏవండీ, వల తీసెయ్యమంటారా, సారుగారి బిళ్లలు కక్కించమంటారా?"

బాబాయి నన్ను తిట్టలేదు. "ఒరేయ్, అవి తిన్న చేపలకి ఏం కాదు కదా?" అన్నాడంతే.

"కాదండీ. ఎక్కువ భాగం నీళ్లే."

"అయితే బతికాం. తియ్యండయ్యా వల. అందరూ టిఫిన్లు చేసి వెళ్లండి."

నెల తర్వాత పట్టుబడి నిండుగా జరిగింది. పిన్ని పులుసులోంచి పెద్ద ముక్క తీసి నా కంచంలో వేసింది. "తిను నాయనా. నీ చదువు కొంత ఇందులోనే ఉండొచ్చు."

ఆ ముక్క మీద చెయ్యి వేసి ఆనాడే ప్రమాణం చేశాను: ఇక జన్మలో చేపల కంచంలో సైన్సు వడ్డించను. ఒకవేళ వడ్డించాల్సి వస్తే, ముందు పిన్నిని అడుగుతాను.